రోజంతా తీరిక లేదు, చేయవలసిన పనే మిగిలిపోతోంది

ప్రశ్న (ఇందుకూరుపేట నుంచి):
అందరికీ నమస్కారం. నాకు రెండు వనామి రొయ్యల గుంటలు ఉన్నాయి. మేత బస్తాలు దించుకోవడం, డీజిల్ తెచ్చుకోవడం, నెల్లూరు వెళ్లి మోటారు బాగు చేయించడం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరల గురించి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం, వీటితో కాలికి బలపం కట్టుకున్నట్లు తిరుగుతున్నాను. గత నెలలో ముసురు పట్టిన ఒక రాత్రి, లెక్కలు రాస్తూ పన్నెండు దాటేదాకా కూర్చుని, నాలుగింటికి గుంట మీద ఉండవలసినవాణ్ణి ఆరింటికి లేచాను. అప్పటికే నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రెండు ఆగిపోయి, గట్టు వారన చేతికందేంత దగ్గరలో రొయ్యలు తేలి ఉన్నాయి. అంత పని చేసిన రోజున ఆ ఒక్క పనీ ఎలా జారిపోయిందని నేటికీ బాధపడుతున్నాను. ఏది ముందో ఏది వెనకో మీరు ఎలా నిర్ణయించుకుంటున్నారు?

జవాబు (అల్లూరు నుంచి):
మీ నష్టం చదివి మనసుకు కష్టంగా అనిపించింది. నీటిలో తేలే కంటికి కనిపించని నాచు, అంటే ప్లాంక్టన్, పగలు ఎండకు ఆక్సిజన్‌ను ఇచ్చి, రాత్రి తానే దాన్ని వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది; మబ్బు పట్టిన మరునాడు మరింత పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూసుకోవాలి. ఆ వేళ దాటాక పదిమందిని దింపినా చేయగలిగేది తక్కువ. డీజిల్ సాయంత్రం తెచ్చుకోవచ్చు, ఫోను చేసినవారికి రేపు సర్దిచెప్పుకోవచ్చు. అందుకే, ఆలస్యమైతే సరిదిద్దుకోలేని పని ఏదో ముందుగా చూసుకుంటాను. నాకు అవి మూడే: తెల్లవారుజామున ఆక్సిజన్, ఏరియేటర్లకు కరెంటు, మేత వేశాక, తిన్నదీ మిగిలినదీ చూసే చెక్‌ట్రే. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది గనుక, ట్రేలో మిగిలినది చూడకుండా మళ్లీ మేత వేయను.

జవాబు (టంగుటూరు నుంచి):
మాది పొగాకు. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాలుతున్న రోజుల్లో మా నాన్నగారు థర్మామీటరు చూసే పని ఎవరికీ అప్పగించేవారు కాదు; మిగిలిన పనులన్నీ ఇతరులకు అప్పగించేవారు. ఆకు పసుపు తిరిగేదాకా వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూఇటూగా ఉండాలి. తొందరపడి పెంచితే ఆకులో పచ్చ నిలిచిపోతుంది, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా గ్రేడు చేసినా అది పోదు. ఎంతటివారు వచ్చినా బ్యారన్ పక్కన నులక మంచం మీదే కూర్చోబెట్టి మాట్లాడేవారు.

జవాబు (ఒంగోలు నుంచి, ఉపాధ్యాయురాలిని):
అన్నగారూ, పై ఇద్దరూ చెప్పినది నిజమే కానీ, మీ పని జారిపోయింది తెల్లవారుజామున కాదు, ముందురోజు రాత్రి లెక్కల దగ్గర అని నాకు అనిపిస్తోంది. అత్యవసరమైనవి ముఖ్యమైనవి కావని, ముఖ్యమైనవి ఎన్నడూ అత్యవసరం కావని ఒక కళాశాల మాజీ అధ్యక్షుడు అన్న మాటను 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ప్రసంగంలో ప్రస్తావించారు. నిద్ర ఆ రెండో రకంలోకి వస్తుంది, ఎందుకంటే అది ఫోను చేసి పిలవదు. నాలుగింటికి లేవవలసిన మనిషికి తొమ్మిదిన్నరకు పడుకోవడం కూడా ఆ రోజు పనిలో భాగమే. లెక్కలకు మధ్యాహ్నం ఒక గంట కేటాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా తొమ్మిదిన్నరకే పడుకుంటున్నాను. ఈ ఉదయం నాలుగింటికి ఆక్సిజన్ 4.2 వస్తే, ఇంకొక ఏరియేటర్ వేసి ఐదింటికి మళ్లీ చూశాను. టంగుటూరు వారిని ఒక మాట అడగాలి: మిగిలిన పనులు అప్పగించడానికి ఇంట్లో మనిషి లేని రోజున మీ నాన్నగారు దేన్ని వదిలేసేవారు?