రాత్రి చెమటలు: వయసా, జబ్బా, మందులా?

మిర్చి_గుంటూరు:

నమస్తే అండీ. ఇక్కడ రాయడం ఇదే మొదలు. రెండుసార్లు రాసి చెరిపేశాను. పేరు, పేట అడక్కండి.

నాకు 45 ఏళ్లు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. 2007లో మా ఆయన పోయారు. ఆ ఆసుపత్రి తిరుగుళ్లలోనే నాకూ హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిసింది. 2009 నుంచి ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో పెట్టేవి, వాడుతున్నాను. మొదట ఇచ్చిన మందుకి బుగ్గలు పీక్కుపోయాయి, తర్వాతి మందుకి పిచ్చి పిచ్చి కలలు వచ్చేవి, ఇప్పుడు టీఎల్‌డీ అనే మాత్ర రోజుకొకటి. గుంటూరులో తెలిసినవాళ్లు కనిపిస్తారని విజయవాడలో రాయించుకున్నాను. ఇప్పుడు బస్సు ఫ్రీ కాబట్టి పోయి రావడం కష్టం లేదు. నాలుగు నెలల కింద వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) చేశారు, టీఎన్‌డీ వచ్చింది, అంటే వైరస్ కనిపించలేదని. 2015లో మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఆయనా పాజిటివే, ఆటో నడుపుతారు.

సంక్రాంతి ముందు వచ్చిన ముట్టే ఆఖరు. ఎనిమిది నెలలైంది. అంతకుముందు ఏడాదంతా ఒక నెల వస్తే రెండు నెలలు రాకపోవడం. అది పెద్ద బాధ కాదు, పీడా పోయిందనుకున్నాను.

అసలు బాధ ఈ సెగలు. కాయల కుప్ప ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే, ఉన్నట్టుండి గుండెల దగ్గర మొదలై మెడ మీదికి, మొహం మీదికి పాకుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసి మొహం పెట్టినట్టు. చెవులు కాలిపోతాయి. రెండు మూడు నిమిషాల్లో సెగ దిగుతుంది, అప్పుడు చెమట. ఆ చెమటకి మిరప దుమ్ము అంటుకుంటే ఎలా ఉంటుందో ఈ పని చేసినవాళ్లకే తెలుసు. చేతులకి ఘాటు, కళ్లు తుడుచుకోలేను. మోచేత్తో తుడుచుకుంటాను. పక్కనున్న ఆవిడ "పదేళ్లుగా చేస్తున్నావు, నీకింకా ఘాటు అలవాటు కాలేదా" అని నవ్వుతుంది. నేనూ నవ్వేస్తాను.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసరికి జాకెట్టు పిండితే నీళ్లు కారేట్టు ఉంటుంది. ఇక్కడే నాకు భయం. 2009లో మందులు మొదలుపెట్టే ముందు నాకు టీబీ వచ్చింది. అప్పుడూ ఇవే రాత్రి చెమటలు. అందుకని జాకెట్టు తడిసిందంటే చాలు, ఇక తెల్లారేదాకా నిద్ర రాదు. మొన్న ఎవరూ లేనప్పుడు టిక్కీలు (మిరపకాయల బస్తాలు) తూచే కాటా ఎక్కి చూసుకున్నాను. 58 కిలోలు. తగ్గలేదు, రెండు కిలోలు పెరిగాను. అయినా భయం పోలేదు.

ఏఆర్‌టీ మందులిచ్చే చోట చెప్తే "వయసు తాలూకు అమ్మా, గైనిక్‌కి చూపించుకో" అన్నారు. సరేనని ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. మందుల పుస్తకం చూడగానే ఆవిడ మంచం ఎక్కమనలేదు, చెయ్యి కూడా పట్టుకోలేదు. "మీకు అక్కడే చూస్తారు కదా" అంది. ఫీజు మాత్రం కట్టించుకున్నారు. మా వీధి ఆర్ఎంపీ అయితే "సంచి తీయించెయ్, ఒక్కసారితో గొడవ వదులుతుంది" అన్నాడు.

మోకాళ్లు పట్టేస్తున్నాయని రెండు నెలలుగా నేనే మెడికల్ షాపులో కాల్షియం మాత్రలు కొని వేసుకుంటున్నాను. కడుపులో మంటకి గ్యాస్ సిరప్ కూడా.

నా ప్రశ్న ఒకటే. ఇది వయసా, జబ్బు తిరగబెడుతోందా, మందుల వేడా? మా కోడలు వయసున్నప్పుడు నేను ఇంకో రెండేళ్లు ఉంటే చాలనుకునేదాన్ని. ఈ వయసుకి వస్తాననే అనుకోలేదు, వస్తే ఏం చెయ్యాలో ఎవరిని అడగాలి?

—

బెజవాడ_బామ్మ:

అమ్మాయీ, నాకు 53. 2006 నుంచి మందుల మీదే ఉన్నాను. నాకు 46కి ముట్లాగాయి. నీ సంగతి చదువుతుంటే నా సంగతే. ఫ్రిజ్ తలుపు తీసి తల లోపల పెట్టుకుని నిలబడేదాన్ని. మా మనవడు "నానమ్మ ఫ్రిజ్‌లో ఏదో పోగొట్టుకుంది" అని ఇల్లంతా చెప్పాడు.

నా అనుభవంలో పనికొచ్చినవి చెప్తా. రాత్రి పూట నైలాన్ చీర, నైలాన్ జాకెట్టు వద్దు. వదులు కాటన్ నైటీ, తలగడ కింద ఇంకొకటి. సాయంత్రం ఐదు దాటాక టీ మానేశాను, అది మాత్రం ఏడ్చుకుంటూ మానాను. ఎప్పుడెప్పుడు సెగ వచ్చిందో క్యాలెండర్ మీద గీతలు పెట్టు. మూడు వారాల క్యాలెండర్ డాక్టరు ముందు పెడితే నువ్వు నోరు తెరవకముందే సగం చెప్పినట్టు. నేను మాటలతో చెప్పినన్నాళ్లూ "టెన్షన్ తగ్గించుకోండి" అనేవాళ్లు.

ఇంకోటి. చిరాకు, ఏడుపు వస్తున్నాయా? నాకు సెగల కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

—

ప్రకృతి_మార్గం:

ఇంగ్లీషు మందుల వేడి వల్లే ఇదంతా. ఒక నెల అన్నీ ఆపి, మెంతి నీళ్లు, సబ్జా గింజలు తాగండి. ఒళ్లు చల్లబడుతుంది.

—

తెనాలి_సిస్టర్:

పైన రాసిన సలహా దయచేసి ఎవరూ పాటించకండి. సబ్జా తాగితే తాగండి, నష్టం లేదు. ఏఆర్‌టీ మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకి లొంగకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

నేను 31 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. అమ్మా, నీ పోస్టులో అందరూ చెమటలే చూశారు, నాకు చివర కాల్షియం, సిరప్ కనిపించాయి. ముందు అదే చెప్తాను.

టీఎల్‌డీలో డోలుటెగ్రవిర్ అని ఒక మందు ఉంది. ఖాళీ కడుపున కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే అవి దాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి సరిగ్గా అందదు. భోజనంతో పాటు అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. గ్యాస్ సిరప్‌కి ఆ వెసులుబాటు కూడా లేదు. సిరప్ తాగాక 6 గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకోవాలి, లేదా టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత సిరప్ తాగాలి. నువ్వు ఏది ఎన్నింటికి వేసుకుంటున్నావో రాయి. నీ టీఎన్‌డీ రిపోర్టు నాలుగు నెలల నాటిది, కాల్షియం రెండు నెలల నాటిది. అందుకే అడుగుతున్నా.

చెమటల విషయం. నీ వయసు, ఎనిమిది నెలలుగా ముట్టు లేకపోవడం, గుండెల నుంచి పైకి పాకి రెండు మూడు నిమిషాల్లో దిగిపోయే సెగ, ఇవన్నీ మెనోపాజ్ (ముట్లాగడం) వైపే చూపిస్తున్నాయి. టీబీ చెమట అలా పగలు పనిలో సెగలాగా ఎక్కి దిగదు. అయినా టీబీ వచ్చి తగ్గిన మనిషివి కాబట్టి ఊహతో వదిలెయ్యకూడదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ ప్రతి విజిట్‌లో అడగాల్సిన ప్రశ్నలు. నువ్వే "నాకు నాలుగోది ఉంది, ఎక్స్‌రే తీయండి" అని అడుగు. థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకో. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమట, గుండెదడ.

12 నెలలు వరసగా ముట్టు రాకపోతేనే మెనోపాజ్ అంటారు. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించుకోవాలి.

హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో సెగలకి హార్మోన్ మందులు ఇవ్వకూడదని లేదు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, లివర్ జబ్బు లాంటివి ఉంటే ఇవ్వరు. నీకు పనికొస్తాయో లేదో గైనిక్ డాక్టరు చూసి చెప్పాలి. మోకాళ్ల సంగతి వేరు, కానీ ఎముకల గురించి అడగడం మంచిదే. టీఎల్‌డీలోని టెనోఫోవిర్ ఎముకల బలాన్ని కొంత తగ్గిస్తుంది, ముట్లాగడమూ తగ్గిస్తుంది. రెండూ ఒకేసారి వచ్చి పడ్డాయి నీకు.

సంచి తీయించుకోమన్న ఆర్ఎంపీకి ఒక నమస్కారం పెట్టి వచ్చెయ్. సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే సెగలు తగ్గవు సరికదా, ఒక్కసారిగా మీద పడతాయి. మన ఆంధ్రాలో అసలే గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ. నీకు కావలసింది ఆపరేషన్ కాదు, గర్భసంచి ముఖద్వారం పరీక్ష. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకి ఆ క్యాన్సర్ ప్రమాదం మిగతావాళ్ల కంటే ఆరు రెట్లు. ఎప్పుడైనా చేయించుకున్నావా?

నిన్ను ముట్టుకోకుండా పంపిన క్లినిక్ చేసింది చట్టం ప్రకారం తప్పు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పాజిటివ్ అని వైద్యం నిరాకరించకూడదు. 1097కి ఫోన్ చేసి అడుగు, పేరు చెప్పక్కర్లేదు.

—

బెజవాడ_బామ్మ:

సిస్టరమ్మ అన్నీ అడిగింది, ఒక్కటి అడగలేదు. నేను అడుగుతా, సిగ్గు పడకు. మీ ఆయనతో కలిసినప్పుడు నొప్పిగా ఉంటోందా? నాకు ఏడాది పాటు అదే గొడవ. ఆయనకి చెప్పలేక నిద్ర నటించేదాన్ని.

—

మిర్చి_గుంటూరు:

బామ్మగారూ, మీకెలా తెలిసింది! అది రాసే చెరిపేశాను మొదటిసారి. మంటగా ఉంటోంది, ఒకసారి రక్తం కూడా కనిపించింది. ముట్టు మళ్లీ వచ్చిందేమో అనుకున్నాను. కొబ్బరి నూనె రాసుకుంటే తేలిగ్గా ఉందని అదే వాడుతున్నాం. కానీ ఈ మధ్య రెండుసార్లు కండోమ్ చిరిగింది. పాత స్టాకేమో అనుకున్నాం.

సిస్టర్ గారూ, రాత్రి 7కి అన్నం తినేస్తాం. 9కి సిరప్ ఒక మూత తాగి, వెంటనే టీఎల్‌డీ, కాల్షియం రెండూ ఒకే గుక్కలో. మర్చిపోకుండా ఉంటుందని.

ముఖద్వారం పరీక్ష ఎప్పుడూ చేయలేదు. ఎవరూ చెప్పలేదు.

—

తెనాలి_సిస్టర్:

ఈ రోజు నుంచే కాల్షియం పొద్దున టిఫిన్‌తో వేసుకో. రాత్రి సిరప్ ఆపు, మంట ఉంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పు, వేరే మందు ఇస్తారు. రెండు నెలలు ఇలా వేసుకున్నానని మందుల దగ్గర దాచకుండా చెప్పు, అవసరమనుకుంటే వైరల్ లోడ్ మళ్లీ చేస్తారు. తిట్టరు, తిట్టినా పడు.

కండోమ్ చిరగడం పాత స్టాకు వల్ల కాదు, నూనె వల్ల. కొబ్బరి నూనెకి రబ్బరు మెత్తబడి పోతుంది. నీళ్లతో తయారైన జెల్ మెడికల్ షాపులో అడుగు. పొడిగా ఉండటానికి లోపల రాసుకునే హార్మోన్ క్రీమ్ కూడా ఉంది, డాక్టరు రాస్తారు. కలిసినప్పుడు రక్తం కనిపించిందని ముందు చెప్పు, ముఖద్వారం పరీక్షని వాయిదా వెయ్యకు. ముట్టు ఆగిందని కండోమ్ మానకండి. 50 లోపు వాళ్లకి ఆఖరి ముట్టు తర్వాత రెండేళ్ల దాకా గర్భం వచ్చే వీలుంటుంది.

—

మిర్చి_గుంటూరు:

మూడు వారాలైంది. బామ్మగారు చెప్పినట్టు క్యాలెండర్ మీద గీతలు పెట్టాను. 41 అయ్యాయి, అందులో 26 రాత్రివి. ఆ కాగితం మడిచి మందుల పుస్తకంలో పెట్టుకుని వెళ్లాను.

ఎక్స్‌రే బాగుందన్నారు. టీబీ లేదు. ఆ మాట వినగానే గది బయట బల్ల మీద కూర్చుని కాసేపు లేవలేకపోయాను. వైరల్ లోడ్‌కి రక్తం తీశారు, ఇంకా రాలేదు. కౌన్సెలర్ మేడమ్ కాల్షియం సంగతి విని తల పట్టుకుంది, కానీ తిట్టలేదు. "ఇక్కడ అందరికీ చెప్పాలి ఇది" అని రాసుకుంది.

గైనిక్ ఓపీలో ఈసారి చిన్న డాక్టరమ్మ ఉంది. పుస్తకం చూసింది, గ్లవ్స్ వేసుకుంది, "ఎక్కండమ్మా మంచం" అంది. అంతే. ఏదో మందు పూసి చూసి ముఖద్వారం బాగానే ఉందంది. క్రీమ్ రాసింది. సెగల మాత్రల సంగతి థైరాయిడ్ రిపోర్టు చూశాక మాట్లాడదామంది.

మా ఆయనకి జెల్ తెమ్మని చెప్పాను. మెడికల్ షాపులో తెలిసిన కుర్రాడు ఉన్నాడని, ఆటో వేసుకుని లాడ్జి సెంటర్ దాకా వెళ్లి తెచ్చాడు. తెచ్చి, కూరగాయల సంచిలో వంకాయల కింద పెట్టాడు.