ఊక బూడిదలోంచి అమార్ఫస్ (స్ఫటికాలు కట్టని) సిలికా రావట్లేదు, హెల్ప్ చెయ్యండి

పర్లాకిమిడి కుర్రాడు:
మా ఇంటి వెనకే రైస్ మిల్లు, ప్రాజెక్టుకి ఆ బూడిదనే ఎత్తుకొచ్చి ఫర్నేస్‌లో 1000 డిగ్రీల్లో నాలుగ్గంటలు కాల్చీసాను, తెల్లగా వస్తాదనుకుంటే లోపల నల్ల చుక్కలు, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాల్ని చూసే పరీక్ష) 22 డిగ్రీల కోణం దగ్గర సూదిలాంటి పీక్. ఏటి తప్పు చేసాను?

బరంపురం ల్యాబ్:
తమ్ముడూ వేడి ఎక్కువైపోయింది, సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికం అయిపోయింది, ఆ సూది అదే. 600 దగ్గర కాలిస్తే అక్కడే వెడల్పాటి మూపురంలా వస్తాది, పరమాణువులు వరసలో లేవని అర్థం. ఊకలో పొటాషియం ఉంటాది, అది సిలికాని తొందరగా కరిగించి కార్బన్‌ని లోపల బంధించీస్తాది, నీ నల్ల చుక్కలు అవే. అందుకే మిల్లు బూడిద వదిలీ, పచ్చి ఊక తెచ్చి పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో గంట మరిగించి, కడిగి, ఆరబెట్టి అప్పుడు కాల్చు.

గుణుపురం టీచర్:
బాబూ ముందు మాస్కు పెట్టుకో, క్రిస్టోబలైట్ దుమ్ము పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తాది. నానో సైజు కావాలంటే బూడిదని కాస్టిక్ సోడా నీళ్లలో మరిగించి వడకట్టు, ఆ నీళ్లలో యాసిడ్ చుక్కచుక్కగా వేస్తూ కలుపుతుంటే పీహెచ్ 7 దగ్గర పెరుగు తోడుకున్నట్టు సిలికా గడ్డకడతాది. ఉప్పు పూర్తిగా పోయేదాకా కడగాలి, అందరూ ఇక్కడే తొందరపడతారు. ఒకే సైజు గుండ్రటి కణాలు కావాలంటే 1968 నాటి స్టోబర్ పద్ధతి ఉంది, టీఈఓఎస్ అనే సిలికాన్ రసాయనం, ఆల్కహాల్, అమ్మోనియాతో, కానీ మన ఊరి ఊక ముందు అది ఖరీదు.

పర్లాకిమిడి కుర్రాడు:
మేడమ్, అన్నా, యాసిడ్‌లో మరిగించిన ఊక 600లో కాల్చాను, ముగ్గుపిండిలా తెల్లగా వచ్చింది! రేపు కాస్టిక్ సోడాతో మొదలెడతాను.