రొయ్యల గుంట గట్టు మీద డ్రోన్ దిగనంటోంది, ఏం చేయాలి?

నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర మా రొయ్యల గుంటలను పైనుంచి చూసుకోవడానికి 249 గ్రాముల చిన్న డ్రోన్ వాడుతున్నాను. ఎగరడంలో ఇబ్బంది లేదు, దిగేటప్పుడే టెన్షన్. గట్టు నాలుగడుగుల వెడల్పు, రెండువైపులా నీళ్లు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. రిమోట్ స్టిక్ పూర్తిగా కిందికి లాగినా నేలకు అర మీటరు పైన ఆగిపోయి, ఊగుతూ మెల్లగా నీళ్లవైపు జరుగుతోంది. ఉదయం 7 గంటలకు బాగానే దిగుతుంది. మధ్యాహ్నం 3 దాటి సముద్రపు గాలి మొదలైతే నాలుగుసార్లలో మూడుసార్లు ఇదే తంతు. మొన్న బ్యాటరీ 18 శాతానికి పడిపోయిందని చేత్తో పట్టుకోబోతే బొటనవేలు తెగింది.

కింది సెన్సర్లు మెత్తటి గుడ్డతో తుడిచాను. కంపాస్ కాలిబ్రేట్ చేశాను, ఫర్మ్‌వేర్ కూడా అప్‌డేట్ చేశాను. ఖాళీ మేత సంచి పరిచి దాని మీద దింపబోతే సంచే గాలికి లేచి రెక్కలకు తగలబోయింది. మూలల్లో ఇటుకలు పెట్టి చూశాను, తేడా లేదు. నీటి మెరుపుకు కింది కెమెరా తికమకపడుతుందని తెలుసు, కానీ మట్టి గట్టు మీద కూడానా?

ఇంత సన్నటి గట్టు మీద, గాలిలో, ల్యాండింగ్ ప్రొటెక్షన్ సెట్టింగ్ (కింద నేల దిగడానికి అనువుగా లేదనిపిస్తే డ్రోన్‌ను దిగకుండా ఆపేది) ఆపేసి దింపిన వాళ్లెవరైనా ఉన్నారా, డ్రోన్ క్షేమంగా దిగిందా?