వెనక నుంచి గుద్దితే తప్పు ఎప్పుడూ వెనకోడిదేనా?

సూర్యాపేట_కిరణ్:
విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక, నా ముందు వెళ్తున్న కారాయన ఎడమ పక్కన హోటల్ కనపడగానే ఒక్కసారిగా బ్రేక్ కొట్టాడు. ఇండికేటర్ కూడా వేయలేదు. నేనూ బ్రేక్ తొక్కాను కానీ బండి ఆగలేదు, వెళ్లి డిక్కీకి గుద్దింది. దిగేలోపే జనం పోగై "వెనకోడిదే తప్పు, డబ్బులు కట్టు" అన్నారు. స్టేషన్‌లో కూడా అదే మాట. నిజంగా రూల్ అలాగే ఉందా?

బెజవాడ_రవి:
ఉంది బ్రదర్. ముందు బండి హఠాత్తుగా ఆగినా గుద్దుకోనంత దూరం వెనక డ్రైవర్ ఉంచుకోవాలని 1989 రోడ్డు నియమాల్లో 23వ నియమం చెప్పేది, 2017లో వాటి స్థానంలో వచ్చిన నియమాల్లోనూ ఆ మాట ఉంది. 2018లో సుప్రీంకోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. ముందు లారీ సడెన్‌గా ఆగింది, వెనక కారు పది పదిహేను అడుగుల దూరంలో ఉంది. అది సరిపోయే దూరం కాదని కారు డ్రైవర్‌నే తప్పుపట్టారు. ఎనభైలో వెళ్తుంటే సెకనుకి 22 మీటర్లు పోతాం, రెండు సెకన్ల గ్యాప్ అంటే 44 మీటర్లు. మీరు ఎంత దూరంలో ఉన్నారో ముందు అది చెప్పండి.

కోదాడ_మురళి:
23 చదివినాయన దాని కిందే ఉన్న 24 ఎందుకు చదవలేదు? భద్రత కోసం అవసరమైతే తప్ప హఠాత్తుగా బ్రేక్ వేయకూడదని అందులో ఉండేది. హోటల్ కనపడటం భద్రతా కారణమా? 2025 జూలైలో సుప్రీంకోర్టు ఏమందో కూడా చూడండి. కోయంబత్తూరులో ఒకాయన, గర్భిణి అయిన భార్యకి వాంతి వచ్చేలా ఉందని హైవే మధ్యలో కారు ఆపేశాడు. వెనక బైక్ మీద వస్తున్న ఇంజనీరింగ్ కుర్రాడు తగిలి పడ్డాడు, వెనకే వచ్చిన బస్సు కాలు మీద నుంచి పోయింది, కాలు తీసేశారు. తప్పులో కారు మీద 50 శాతం, బస్సు మీద 30, కుర్రాడి మీద 20 వేశారు. ఎక్కువ భాగం ఎవరి మీద పడింది?

ఎల్బీనగర్_పద్మజ:
44 మీటర్లు వదిలితే మన దగ్గర ఆ సందులో ఇద్దరు దూరతారు అండీ. మళ్లీ వెనక్కి తగ్గాలి, మళ్లీ ఇంకొకడు. గ్యాప్ ఉంచుకోమనేవాళ్లు ఒకసారి సాయంత్రం పూట ఈ రోడ్ల మీద నడిపి చూడాలి.

బెజవాడ_రవి:
ఎవడో దూరతాడని తోకకి అంటుకుని వెళ్తామా? మురళి గారూ, మీ కేసులో కూడా వెనకాయనకి 20 పడింది కదా, సున్నా అనలేదు కదా.

కోదాడ_మురళి:
ఇరవైకీ వందకీ తేడా తెలియదా మీకు?

డ్రైవర్_సత్తిబాబు:
డాష్‌క్యామ్ పెట్టించుకోండి అన్నా. అది లేకపోతే ఎంత వాదించినా వేస్టే.

బెజవాడ_రవి:
దూరం ఎంతో కిరణ్ గారు ఇంకా చెప్పలేదు, గమనించారా? ముందు బండిది తప్పు అనేవాళ్లందరూ ఈ ప్రశ్న దాటేస్తారు. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్ క్యూలో ఆగి ఉన్నాం, ఒకడు వచ్చి వెనక నుంచి గుద్దాడు. దిగి మా నాన్ననే "ఎందుకు బ్రేక్ వేశావ్" అని తిట్టాడు, పక్కన నలుగురు ఫ్రెండ్సు. మా అమ్మ మెడకి కాలర్ వేసుకుని నెలల తరబడి మంచం మీద ఉంది. నీలాంటివాళ్లు ఇచ్చే ధైర్యమే వాడిది.

కోదాడ_మురళి:
ఏకవచనం వద్దు. మీ అమ్మగారికి జరిగింది ఘోరం, ఆగి ఉన్న బండిని గుద్దినవాడిని నేనెక్కడా వెనకేసుకు రాలేదు. కానీ మా బావ రాత్రిపూట, లైట్లు గానీ త్రిభుజం బోర్డు గానీ లేకుండా రోడ్డు మీద వదిలేసిన లారీని గుద్ది చనిపోయాడు. ఇన్సూరెన్స్ వకీలు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో అన్నది మీరన్న మాటే, వెనక బండి దూరం చూసుకోవాలి అని. ఆ ఒక్క మాటతో మా అక్కకి రావాల్సిన పరిహారంలో సగం కోసేయమన్నాడు. 2024లో సుప్రీంకోర్టు, లైట్లు లేకుండా రోడ్డు మధ్యలో వదిలిన లారీ కేసులో, గుద్దిన కారు డ్రైవర్ మీద నిర్లక్ష్యం మోపడం తప్పని చెప్పింది. మాకు అప్పటికి ఆ తీర్పు లేదు.

బెజవాడ_రవి:
సారీ అండీ, బావగారి సంగతి తెలియదు. కానీ నా మాట మారదు. రూల్ ఒకటి గట్టిగా లేకపోతే రోడ్డు మీద ఎవడి వెనక మనుషులు ఎక్కువుంటే వాడిదే న్యాయం అవుతుంది. మా నాన్నకి ఆ రోజు అండగా ఉంది ఆ రూలే.

కోదాడ_మురళి:
కిరణ్ గారి చుట్టూ పోగైన జనం చేసింది కూడా అదే కదా. బ్రేక్ ఎందుకు వేశాడని ముందాయనని ఒక్కరు కూడా అడగలేదు. మీ రూల్ అండతో అడగకుండానే తేల్చేశారు. అడగమంటున్నాను నేను, అంతే.

బెజవాడ_రవి:
అడగండి, కానీ సమాధానం వెనకాయన నుంచి మొదలుపెట్టాలి.

కోదాడ_మురళి:
అక్కడే మనకి కుదరదు.

సూర్యాపేట_కిరణ్:
రేపు మళ్లీ స్టేషన్‌కి రమ్మన్నారు. తప్పు నాదేనని రాసిచ్చి, ఆయన రిపేర్ ఖర్చు పెట్టుకుంటే కేసు లేకుండా పోతుందట. ఏం చేయమంటారు?

బెజవాడ_రవి:
రాసివ్వకండి. నేను మీదే తప్పంటున్నాను, అయినా రాసివ్వకండి. ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మీరు తప్పు ఒప్పుకున్నా, డబ్బిస్తానన్నా పాలసీ షరతు తప్పినట్టే, రేపు క్లెయిమ్‌కి అడ్డం పెడతారు. ఈ రాత్రే ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి చెప్పండి. మీ పాలసీలో ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కవర్) ఉంటే, మీ బండి రిపేర్ దాని కింద, తప్పు ఎవరిదైనా వస్తుంది, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం పోతుంది.

కోదాడ_మురళి:
ఆ హోటల్ వాళ్ల సీసీ కెమెరా రోడ్డు వైపు ఉందేమో పొద్దున్నే వెళ్లి చూడండి, ఆలస్యమైతే చెరిగిపోతుంది.