క్రాక్ (దొంగ) విండోస్ మానిపించి లినక్స్ మింట్ వేయించడం ఎలా? (పర్లాకిమిడి, ఒడిశా)

పర్లాకిమిడి కుర్రోడు:
అన్నలూ, మాది పర్లాకిమిడిలో కంప్యూటర్ రిపేరు కొట్టు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది కదా. నా దగ్గరికొచ్చేవి చాలావరకు ఇంటెల్ నాలుగో తరం, ఆరో తరం మిషన్లు. విండోస్ 11 వాటిని ఒప్పుకోదు. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను, దానికి డబ్బులక్కర్లేదు అంటే "ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటాది బాబూ" అని క్రాక్ విండోసే వేయించుకుని పోతున్నారు. వైరస్‌లు, ప్రైవసీ, స్వేచ్ఛ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు) అన్నీ చెప్పి చూశాను. ఆవులిస్తున్నారు. మీరెలా ఒప్పిస్తున్నారు?

రాయగడ జిరాక్స్:
తమ్ముడూ, స్వేచ్ఛ మనకి ముద్దు. నీ బల్ల ముందు నిలబడ్డ మనిషికి కావాల్సింది కరెంటు బిల్లు, అమ్మాయి బయోడేటా ప్రింటు, యూట్యూబు. అందుకని చెప్పడం మానేసి అడుగు: "రోజూ దీంట్లో ఏటి చేస్తారు మాస్టారూ?" జవాబులో ట్యాలీ (షాపుల లెక్కల ప్రోగ్రాము) వచ్చినా, ఆధార్ వేలిముద్ర మిషను వచ్చినా అక్కడితో ఊరుకో. వాళ్లకి మింట్ వేశావంటే ఆ పనులు సాగక మర్నాడే తిట్టుకుంటూ వస్తారు, బజారంతా చాటుతారు.

మిగతావాళ్లకి ముందు ఉన్న విండోస్‌లోనే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, వర్డ్, ఎక్సెల్ పనులకి లిబ్రే ఆఫీస్ వెయ్యి. వీఎల్‌సీ ఎలాగూ ఉంటుంది. అదీ మింట్‌లాగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అని చెప్పు. కొన్నాళ్లు అలవాటు పడనీ. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి మింట్ బూట్ చేసి, హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా, మౌస్ వాళ్ల చేతికే ఇయ్యి. అవే ప్రోగ్రాములు కనబడతాయి, సగం భయం అక్కడే పోతుంది. వైఫై, సౌండు, ప్రింటరు అప్పుడే చూసేసుకో.

మన వైపు బాగా పనిచేసేది ఇంకోటుంది. ఇన్‌స్క్రిప్ట్ (మన దేశ భాషలకి ఒకే పద్ధతిలో చేసిన) కీబోర్డులో తెలుగు క, త, ప ఏ మీటల మీద ఉంటాయో ఒరియావీ అక్కడే. బ్లాకాఫీసుకి ఒరియాలో అర్జీ, టెక్కలి మేనమామకి తెలుగులో మెయిలు, అన్నీ అవే వేళ్లతో. విండోస్‌లోనూ ఇది ఉంది, కాకపోతే ఎవడూ ఆన్ చేసి చూపించడు. నువ్వు చూపించు.

అన్నట్టు, ఊరికే వెయ్యకు! సాఫ్ట్‌వేర్ ఉచితం, నీ కూలి కాదు. లైసెన్సు కూడా డబ్బు తీసుకోవద్దనదు. విండోస్‌కి ఎంత తీసుకుంటావో దీనికీ అంతే తీసుకో, మెలిక మాట మళ్లీ రాదు.

బరంపురం డీటీపీ:
చెప్పడానికి బాగానే ఉంది. నా బతుకంతా పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము), అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు). ఏళ్లనాటి పెళ్లికార్డుల ఫైళ్లున్నాయి. ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ సరిచూసుకుంటూ కూర్చుంటే మాఘమాసం దాటిపోతుంది. నాకెవడైనా లినక్స్ అంటే బయటికి పొమ్మంటాను.

రాయగడ జిరాక్స్:
నిన్ను మార్చమని ఎవరన్నారన్నా? ఆ మిషను అలాగే ఉంచు, నెట్ వైరు మాత్రం పీకెయ్. విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు పెట్టించుకున్నా మన బోటివాళ్లకి 2026 అక్టోబరు 13 దాకానే. మెయిళ్లకి, వాట్సాప్ వెబ్‌కి పక్కన ఓ పాత డబ్బాలో మింట్ పెట్టుకో.

గుణుపురం మాస్టారు (రిటైర్డ్):
నేను వాడుతున్నవాణ్ణి. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా పిల్లలు నేర్చుకుంటున్నది లినక్స్ మీదే, ఎనిమిదో తరగతి పిల్లకి రాని కష్టం నాకేమొస్తుంది అనుకుని వేయించుకున్నాను. అప్‌డేట్ పేరుతో పని మధ్యలో ఆగిపోవడం లేదు. ఒక్క ప్రింటరు దగ్గర ఏడిపించింది: పాత లేజరుకి డ్రైవరు దొరక్క వేరేది కొనాల్సొచ్చింది. ఆ సంగతి వేసేవాడు ముందే చెప్పి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. కష్టాలు ముందు చెప్పు నాయనా, సుఖాలు మేమే చూసుకుంటాం.

పర్లాకిమిడి కుర్రోడు:
సరే మాస్టారూ, ప్రింటరు మోడలు ముందే అడుగుతాను. రాయగడ అన్నా, 2 జీబీ ర్యామ్ ఉన్నవాటికి మింట్‌లో ఏ ఎడిషన్?

రాయగడ జిరాక్స్:
ఎక్స్‌ఎఫ్‌సీఈ, మింట్‌లో తేలికైనది అదే. కానీ 2 జీబీతో బ్రౌజరు నాలుగు ట్యాబులకే మూలుగుతుంది. ర్యామ్ 4 చేయించి, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టించి అప్పుడు వెయ్యి. లేదంటే ఆ నిదానానికి కూడా లినక్స్‌నే తిడతారు.