మంగోలుల నాలుగు రాజ్యాలు బుర్రకెక్కట్లేదు, మీరెలా చదివారు?

గ్రూప్స్_మూడోసారి
ప్రిపరేషన్‌లో మంగోలుల దగ్గర ఆగిపోయాను. చెంగీజ్ ఖాన్ 1227లో పోయాడు, అంతవరకూ ఓకే. ఆ తర్వాత యువాన్, ఇల్‌ఖాన్, చగతాయ్, గోల్డెన్ హోర్డ్ అన్నీ కలిసి కిచిడీ అయిపోతున్నాయి. ఎవరైనా గుర్తుండే దారి చెప్పండి.

చరిత్రపిచ్చి
రాజ్యాలుగా కాదు, ఆస్తి పంపకాల గొడవలా చదవండి. నాకు అలాగే పట్టుబడింది. పెద్దభార్య బోర్తె కొడుకులు నలుగురు: జోచి, చగతాయ్, ఒగెదేయ్, తొలూయ్. బోర్తెని శత్రువులైన మెర్కిట్ తెగవాళ్లు ఎత్తుకుపోయి, తిరిగొచ్చాక పుట్టినవాడు జోచి. వాడు మన రక్తం కాదని చగతాయ్ గొడవ. ఇద్దర్నీ పక్కనపెట్టి మూడోవాణ్ని గద్దెక్కించారు. జోచి పిల్లలకి పడమటి గడ్డిమైదానాలు, అదే గోల్డెన్ హోర్డ్. చగతాయ్ వాళ్లకి మధ్య ఆసియా. 1251లో తొలూయ్ కొడుకు మోంగ్కే పెద్ద ఖాన్ అయ్యాక పెత్తనం ఆ ఇంటికి మారింది. ఒక తమ్ముడు కుబ్లాయ్ 1271లో చైనాలో యువాన్ వంశం ప్రకటించాడు, ఇంకో తమ్ముడు హులాగు ఇరాన్‌లో ఇల్‌ఖాన్. నష్టపోయింది ఒగెదేయ్ ఇల్లు. అతని మనవడు ఖైదు 1301లో చనిపోయేదాకా కుబ్లాయ్ ఇంటితో కొట్లాడుతూనే ఉన్నాడు.

గ్రూప్స్_మూడోసారి
ఖైదు! ఈ పేరు మాత్రం జన్మలో మర్చిపోను అన్నా.

బిష్కెక్_డాక్టర్
నేను ఎంబీబీఎస్ చదివేటప్పుడు సెలవుల్లో సమర్‌ఖండ్ వెళ్లి తైమూర్ సమాధి చూశాను. దాదాపు నల్లగా కనిపించే ముదురాకుపచ్చ జేడ్ రాయి, అడ్డంగా పగులు. దానిమీద చెక్కిన వంశావళిలో తైమూర్‌నీ చెంగీజ్‌నీ ఆలన్ గోవా అనే ఒకే మూలపుటమ్మ సంతతిగా చూపించారని గైడు చెప్పాడు. అంటే తైమూర్ కూడా మంగోల్ ఖానే కదా?

చరిత్రపిచ్చి
అక్కడే అందరూ బోల్తాపడతారు. చెంగీజ్ మగ సంతతికి తప్ప ఖాన్ అనిపించుకునే హక్కు లేదు. అందుకే తైమూర్ చెంగీజ్ వంశంవాణ్ని ఒకణ్ని పేరుకి ఖాన్‌గా కూర్చోబెట్టి, తను అమీర్‌గానే ఉండిపోయాడు. చగతాయ్ వంశపు కజాన్ ఖాన్ కూతురు సరాయ్ ముల్క్ ఖానుమ్‌ని చేసుకుని 'గూర్‌గాన్' అని బిరుదు తగిలించుకున్నాడు. అర్థం: అల్లుడు! అంత ఢిల్లీని కొల్లగొట్టినవాడు విజిటింగ్ కార్డు మీద "ఫలానావారి అల్లుడు" అని వేయించుకున్నట్టు.

గోదారిగాలి
మన మొఘలులూ ఆ లెక్కే. బాబర్ తండ్రివైపు తైమూర్, తల్లి కుత్లుగ్ నిగార్ ఖానుమ్ వైపు చగతాయ్. పర్షియన్‌లో వీళ్ల వంశాన్ని గూర్కానీ అనే అంటారు.

చీరాల_చిన్నోడు
మాకు దగ్గర్లో మోటుపల్లి ఉంది. ఇప్పుడు చూస్తే చిన్న ఊరు. వీరభద్రాలయంలో గణపతిదేవుడి అభయశాసనం ఉంది, ఓడ వ్యాపారులకి రక్షణ ఇస్తానని. కుబ్లాయ్ కొలువులో పనిచేసిన మార్కో పోలో ఈ రేవుని 'ముత్ఫిలి' అని రాశాడు. భర్త పోయిన రాణి న్యాయంగా ఏలుతోందని, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవే అంటారు. అతను చైనా నుంచి తిరుగుప్రయాణం కట్టింది ఇల్‌ఖాన్ అర్ఘూన్‌కి పెళ్లికూతురు కోకెచిన్‌ని తీసుకెళ్లే ఓడల్లో. తీరా చేరేసరికి పెళ్లికొడుకు పోయాడు, కొడుకు గజాన్‌కిచ్చి చేశారు.

గ్రూప్స్_మూడోసారి
సీరియల్‌లా ఉంది. అన్నా, ఒక డౌట్. క్రిమియా ఖానులు ఎవరి ఇల్లు?

చరిత్రపిచ్చి
జోచి ఇల్లే. గిరాయ్ వంశం, 1783లో రష్యా కలిపేసుకునేదాకా. కజఖ్ ఖానులూ జోచి వాళ్లే.

గ్రూప్స్_మూడోసారి
ఏ కొడుకుని మన రక్తం కాదన్నారో, ఆ జోచేనా?!