అప్‌డేట్: వేసవి కోర్సులు, మా వంట అక్క ట్రైనింగ్

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర ప్రాథమిక బడిలో టీచర్ని. సెలవుల్లో తెలుగులో చేయదగ్గ కోర్సు ఉందా, బడిలో భోజనం వండే మా వంట అక్కకీ ఏమైనా ట్రైనింగ్ దొరుకుతుందా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన మాస్టార్లందరికీ దండాలు.

ప్రభుత్వం వాళ్ల చదువుల యాప్ దీక్షాలో, టీచర్ల శిక్షణ కోసం పెట్టిన నిష్ఠ కోర్సులు చూశాను. పునాది అక్షరాస్యత, అంటే చిన్నపిల్లలకి చదవడం రాయడం నేర్పడం, మీదున్నవి తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్నాయి. మాకు రెండూ కావాలి, మా పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతారు. చివరి పరీక్షలో 70 శాతం వస్తేనే సర్టిఫికెట్. ఇక్కడ కరెంటు పోతే సిగ్నలూ పోతుంది, వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జాతీయ విద్యా విధానం 2020 టీచర్లకి ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది. నేను అక్కడికి చేరడానికి ఇంకా చాలా దూరం ఉంది లెండి.

అక్కకి మాత్రం యాప్ పనికిరాలేదు, చదవడం కష్టం. ఒక ఆఫీసులో అడిగితే "ట్రైనింగ్ టీచర్లకే" అన్నారు. రోజూ అంతమంది పిల్లలకి వండేది ఆవిడే, మరి ఇదేం లెక్కో! చేతుల శుభ్రత, వాడిన నూనె మళ్లీ కాచకపోవడం నేనే చెప్పబోయాను. "అవి నాకు తెలుసు మాస్టారూ, గ్యాస్ లీకైతే ఏం చెయ్యాలో చెప్పించండి" అంది. గ్యాస్ ఏజెన్సీ అబ్బాయి సోమవారం వచ్చి చూపిస్తానన్నాడు. పక్క బడి ఆయాల్ని కూడా పిలిచాం.